కొలచెయ్యి

అరికడవు రేవులో మత్తి చేపను కొలవడానికి బద్ద లేదు, టేపు లేదు. అంబాడి చెయ్యి ఉంది. మణికట్టు గీత మీద తోక పెట్టి చేపను అరచేతిలో పడుకోబెడితే దాని మూతి మధ్యవేలి కొసను తాకాలి. తాకితే ఎదిగిన చేప, బుట్టలోకి. తాకకపోతే పిల్ల, తిరిగి సంద్రంలోకి. అంబాడికి ముందు వాళ్ల నాన్న చెయ్యి, ఆయనకు ముందు పొక్కన్ అనే ముసలాయన చెయ్యి. ఆ చేతిని కొలచెయ్యి అనేవాళ్లు. దానికి ఎదురు చెప్పడమంటే భగవతికి ఎదురు చెప్పడమే. ప్రభుత్వం కొలత ఇంకొకటి ఉంది, అందులో ఇంతకన్నా చాలా చిన్న చేప కూడా గట్టెక్కిపోతుంది. దాన్ని రేవులో ఎవరూ ఖాతరు చెయ్యలేదు. ప్రభుత్వం కొలత కుర్చీలో పుట్టింది, మాది నీళ్లలో పుట్టింది అని గొప్పలు పోయేవాళ్లు. గొప్పలకు డీజిలు అక్కర్లేదు కదా.

ఓణం వెళ్లిన కొద్ది రోజులకు అంబాడి సొంత తమ్ముడు కోరన్ పడవ నిండా మత్తి వేసుకుని ఒడ్డుకొచ్చాడు. రేవంతా మూగింది. బుట్టలు దింపకముందే అంబాడి మొహం మాడిపోయింది.

"కళ్లతో కొలుస్తావేంటన్నా, చెయ్యి పెట్టు" అన్నాడు కోరన్ నవ్వుతూ.

అంబాడి పెట్టాడు. చేప మూతి మధ్యవేలి మొదటి కణుపు దగ్గర ఆగిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ అక్కడే. బుట్ట అడుగు నుంచి తీశాడు. అదీ అంతే.

"పిల్లలురా ఇవి."

"పిల్లలో తల్లులో, సంద్రం నిండా ఇవే ఉన్నాయి. వేరే సైజు ఒక్కటి కనపడితే ఒట్టు. పక్క రేవులవాళ్లు ఊడ్చుకుపోతున్నారు. మనం వదిలేసి ఎవరికి పెంచిపెడుతున్నాం, వాళ్లకా?"

"మనం పెట్టుకున్న కట్టుబాటు మనం తప్పకూడదు."

"ఆహా! నువ్వు చెయ్యి ఊపుతా ఉండు, నేను పస్తులుంటా."

జనం నవ్వారు. అంబాడి నవ్వలేదు.

ఆ సాయంత్రమే భగవతి గుడి ముందు కడలి పంచాయితీ కూర్చుంది. అందరికన్నా పెద్దవాడు రైరు మామ, పంచాయితీ మాట ఆయన నోటి నుంచే రావాలి. శిక్ష కొత్తదేం కాదు, తాతల నాటిది. తప్పు చేసినవాడి వల గుడి వసారాలో దూలానికి వేలాడదీస్తారు. ఎన్నాళ్లు? చేప చేతికి వచ్చేదాకా. అంటే కొలచేతికి సరిపోయే మత్తి ఈ రేవులో దిగేదాకా. అంబాడి నాన్న కాలంలో ఆ శిక్ష దీపావళికల్లా తీరిపోయేది. వానల్లో పుట్టిన పిల్లలు అప్పటికి చెయ్యంత అయ్యేవి. వల వేలాడినవాడు నాలుగు తిట్లు తిని, గుడికి అరటిగెల ఇచ్చుకుని, వల భుజానేసుకుని పోయేవాడు.

అందుకే రైరు మామ "ఏమంటావు అంబాడీ, తమ్ముడు కదా" అని అడిగినప్పుడు అంబాడి తడుముకోలేదు. "తమ్ముడైతే ఏంటి మామా. దూలానికి కట్టండి" అన్నాడు. ఇంటికి పోతుంటే వెనకాల ఎవరో "తమ్ముడని కూడా చూళ్లేదు చూడు, అదీ మనిషంటే" అన్నారు. విననట్టే నడిచాడు. కానీ విన్నాడు, నడక కూడా కాస్త మారింది.

దీపావళి వచ్చింది. అంబాడి తెల్లవారగానే ఒడ్డుకు పోయి, ఎవరి వలలో పడ్డా ఒక మత్తి అడిగి పుచ్చుకుని చేతిలో పెట్టుకున్నాడు. మొదటి కణుపు. గుళ్లలో వేషాలు కట్టి తెయ్యం ఆడే రోజులొచ్చాయి, డప్పులు మోగాయి, మొదటి కణుపు. విషు పండగ వచ్చింది, అదే కణుపు. చేపలు లేవా అంటే కుప్పలుగా ఉన్నాయి. తెల్లగా మెరుస్తూ, ఎండిపోయిన ఆకుల్లా పల్చగా ఉన్నాయి. ఒకప్పుడు మత్తిని పెనం మీద వేస్తే దాని నూనెలో అదే వేగేది. ఇప్పుడు కొబ్బరినూనె పోసినా పెనానికి అతుక్కుపోతోంది.

చేపల పరిశోధన వాళ్ల తరఫున ఒకామె వచ్చి, సంద్రంలోకి సీసాలు దింపి నీళ్లు పట్టుకుపోతుండేది. ఒకరోజు అంబాడి ఆమెను ఆపాడు.

"ఎప్పుడు ఎదుగుతాయమ్మా ఇవి?"

"నీళ్లు వేడెక్కిపోయాయండీ. అడుగు నుంచి పైకి రావాల్సిన చల్లనీరు సరిగ్గా రావట్లేదు. దానితో వచ్చే మేతా రావట్లేదు. ఉన్న మేతకు నోళ్లు ఎక్కువైపోయాయి."

"అదంతా సరే. ఎప్పుడు ఎదుగుతాయి?"

ఆమె చేతిలో సీసా వంక చూసుకుంది. "నాకు తెలీదండీ."

పక్కనే ఇసకలో కూర్చున్న కోరన్ రెండు చేతులూ ఎత్తి ఆమెకు దణ్ణం పెట్టాడు. "తెలీదని చెప్పే మనిషిని ఇన్నాళ్లకి చూశా. మా పంచాయితీలో చచ్చినా ఎవరూ ఆ మాట అనరు తల్లీ."

కోరన్‌కు ఇప్పుడు ఇసకలో కూర్చోవడమే పని. మిగతా పడవలవాళ్లు చిన్న వలలతో ఏదో గీక్కుని తెచ్చుకుంటున్నారు. కోరన్‌ది మత్తి వల. పన్నెండుమంది లాగాల్సిన వల. ఆ పన్నెండుమందిలో సగం మంది అప్పుడే మంగుళూరు వైపు ట్రాలర్లు ఎక్కేశారు. ఒకడు ఇళ్లకు సున్నం వేస్తున్నాడు. మిగిలినవాళ్లు కోరన్ మొహం చూస్తున్నారు, కోరన్ గుడి దూలం వంక చూస్తున్నాడు.

"అన్నా, ఒక మాట చెప్తా విను" అన్నాడు ఒక పొద్దున. "ఇడవం నెల వానలు మొదలయ్యేలోగా వల కిందికి దిగిందా, సరే. దిగలేదా, పడవ మల్పే రేవువాడికి అమ్మేస్తా. మనుషులు లేని పడవతో నేనేం చెయ్యను? కోళ్లు పెంచనా?"

"నాన్న కట్టించిన పడవరా అది."

"నాన్న చెయ్యే కదా మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది." కోరన్ లేచి ఇసక దులుపుకున్నాడు. "ఒకసారి నీ చెయ్యి కూడా చూసుకో. చేప పెరగట్లేదని అందరూ అంటున్నారు గానీ, నీ చెయ్యే పెరుగుతోందేమో."

మబ్బులు పట్టాయి. ఒకరోజు మధ్యాహ్నం వీధిలో చేపల బైకు హారన్ మోగితే అంబాడి భార్య ఉచ్చిర గిన్నె పట్టుకుని పోయి వచ్చింది. చేపలు పట్టే ఊళ్లో చేపల బైకు తిరగడం ఆ ఏడే మొదలైంది.

"ఇదిగో, నువ్వు జాలిపడి వదిలేసిన పిల్లలు" అంది, గిన్నె చూపించి. "పక్క రేవులో దిగి, ఐసులో పడుకుని, బైకెక్కి మనింటికే వచ్చాయి. పాపం, నిన్ను మర్చిపోలేకపోయినట్టున్నాయి."

 ఆ యెకసెక్కాలు అంబాడికి అలవాటే. ఆమె పెరట్లో కత్తిపీట ముందు కూర్చుంది. కాసేపటికి ఆమె గొంతు మారింది.

"ఇటు రా ఒకసారి. ఈ పిల్లకి కడుపు."

"పిల్లకి కడుపేంటే?"

"పిల్ల కాదు కాబట్టి."

ఆమె బొటనవేలి మీద గుడ్ల సంచి ఉంది. గోరంత, పసుపుపచ్చగా. అంబాడి గిన్నెలోంచి ఇంకొక చేప తీసి గోటితోనే పొట్ట చీల్చాడు. గుడ్లు. ఇంకొకటి. గుడ్లు. ఒకదాన్ని మణికట్టు మీద తోక పెట్టి పడుకోబెట్టాడు. మొదటి కణుపు. కింద చతికిలబడ్డాడు.

ఎదగడం ఎప్పుడో అయిపోయింది వాటికి. ఇంతే వాటి ఎదుగుదల. ఓణం నుంచీ తను ఏ పెద్ద చేప కోసం ఎదురుచూస్తున్నాడో ఆ చేప సంద్రంలో లేదు. లేని చేప కోసం తమ్ముడి వల దూలానికి వేలాడుతోంది.

లేవబోతుంటే ఇంకో ఆలోచన వచ్చి మళ్లీ కూలబడ్డాడు. తల్లులే ఇవైతే, వీటి వెనక ఇంకెవరూ లేరు. ఒకప్పుడు మత్తి గుడ్లు పిడికెడు వచ్చేవి, ఇప్పుడు గోరంత. ఆ గోరంతే మిగిలింది. ఈ సంగతి పంచాయితీలో చెప్తే కోరన్ వల దిగుతుంది. కోరన్ వలతోపాటు రేవులో ఉన్న ప్రతి వలా సంద్రంలోకి దిగుతుంది. చెప్పకపోతే పడవ పోతుంది, తమ్ముడు పోతాడు, చేపలు ఎలాగూ పక్క రేవులో దిగుతాయి.

"ఏం చేస్తావు?" అంది ఉచ్చిర.

"మూడు చేపలు ఆకులో చుట్టివ్వు" అన్నాడు.

గుడి ముందు రైరు మామ ఆకు విప్పి చాలాసేపు చూశాడు. గుడ్లు చూశాడు. పంచాయితీలో అందరూ వంగి చూశారు.

"గుడ్డుంటే ఏమిటి? శిక్ష చేప చేతికి వచ్చేదాకా" అన్నాడు రైరు మామ. "భగవతి కత్తి ముందు అన్న మాట. వెనక్కి తీసుకోవడానికి అదేమన్నా వేసిన వలా?"

"రాదు మామా. ఇంతకన్నా పెద్దది రాదు. ఇదే పెద్దది."

"నీ నాన్న చేతికి వచ్చింది. నీ చేతికి ఎందుకు రాదు?"

"నాన్న నాటి నీళ్లు కావు ఇవి."

"నీళ్లకేం తెలుసు! నీళ్లు నీళ్లే."

వెనక నుంచి ఎవరో వేళాకోళంగా అరిచారు. "చేప పెరగకపోతే చెయ్యి తగ్గించండి!"

అందరూ నవ్వారు. రైరు మామ నవ్వలేదు. ఆయన ఆలోచనలో పడేసరికి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చెప్పిన మాట మార్చడానికి లేదు. కానీ కొలచెయ్యి మారొచ్చు. పొక్కన్ పోతే అంబాడి నాన్న వచ్చాడు, నాన్న పోతే అంబాడి వచ్చాడు. దిగిపోతానని మనిషే చెప్తే, పోయేదాకా ఆగనక్కర్లేదు.

"దిగిపోతావా?" అని అడిగాడు.

అంబాడి వసారా వంక చూశాడు. దూలం కింద కోరన్ నిలబడి ఉన్నాడు.

"దిగిపోతా."

ఇక చిన్న చెయ్యి కోసం వెతుకులాట మొదలైంది. రేవులోని మగవాళ్లంతా వరసగా వచ్చి చెయ్యి చాపారు. తాళ్లు లాగీ లాగీ అందరివీ తెడ్లలాంటి చేతులే. ఒకడి చెయ్యి చూసి "ఇది చెయ్యా, పడవా" అన్నారు. ఇంకొకణ్ణి "నీ చేతికి తిమింగలం పట్టుకురావాలిరా" అన్నారు. మూడు చేపలూ చేతులు మారి మారి నలిగిపోయాయి. చివరికి చందు మిగిలాడు. చందు కుడిచేతి వేళ్లను ట్రాలర్ మీద వల చుట్టే యంత్రం తినేసింది. మొదళ్లు మాత్రం మిగిలాయి. ఆ చేతిని అతను ఎప్పుడూ తువ్వాలులో చుట్టుకుని ఉంటాడు.

"నాదా?" అన్నాడు చందు. "ఇది చెయ్యి కూడా కాదు కదా మామా."

"విప్పు."

విప్పాడు. చేపను పడుకోబెట్టారు. దాని మూతి ఆ మొండి మొదళ్లను దాటి అవతలికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"చేప చేతికి వచ్చింది" అన్నాడు రైరు మామ. గుళ్లో గంట కొట్టారు.

అంబాడి లేచాడు. "మామా, వల ఇచ్చెయ్యండి. కానీ ఈ వానలు వెళ్లేదాకా, అవి గుడ్లు వదిలేదాకా, ఎవరూ మత్తి వల వెయ్యొద్దని ఒక్క మాట చెప్పండి. నా మాట..."

"కొలచెయ్యి దిగిపోయినవాడికి ఇక్కడ మాట లేదు అంబాడీ" అన్నాడు రైరు మామ, నెమ్మదిగానే. "కూర్చో."

వలను ఎలుకలు కొట్టేశాయి. చీకటి పడేదాకా అన్నదమ్ములిద్దరూ కూర్చుని చిరుగులు కుట్టారు. కోరన్ ఒక్కసారి కూడా గుచ్చే మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది అంబాడికి. పన్నెండుమందిలో ఆరుగురే దొరికారు. తెల్లారేసరికి రేవులో ఒక్క పడవ లేదు. మధ్యాహ్నానికి అన్నీ తిరిగొచ్చాయి, అంచులదాకా నిండి. తినేవాళ్లకు అంత మత్తి ఎందుకు, అదీ నూనె లేని మత్తి? చేపపొడి ఫ్యాక్టరీ లారీలు వచ్చి నిలబడ్డాయి. ఆడవాళ్లు బుట్టలు మోస్తుంటే చేపల పొట్టలు పగిలి గుడ్లు ఇసకలో కలిశాయి. కాళ్లకు పచ్చగా అంటుకున్నాయి.

"అన్నా, ఇదిగో, ఇంటికి పట్టుకుపో" అని కోరన్ దోసెడు చేపలు ఇచ్చాడు. అతని మొహంలో ఎన్నో నెలల తర్వాత వెలుగు కనిపించింది. అంబాడి చెయ్యి చాపాడు. గుడ్లు చేతి గీతల్లోకి కారాయి. నీళ్లలోకి దిగి చెయ్యి కడుక్కున్నాడు. వానమబ్బు కింద కూడా నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి.

మళ్లీ ఓణం వచ్చింది. మత్తి రాలేదు. చిన్నది రాలేదు, పెద్దది రాలేదు. చందు కొన్నాళ్లు తువ్వాలు తీసేసి, కొత్త హోదాతో, పొద్దున్నే ఒడ్డున కూర్చున్నాడు. ఎవరూ ఏమీ పట్టుకురాకపోయేసరికి మళ్లీ తువ్వాలు చుట్టుకున్నాడు. పడవ మల్పే వెళ్లిపోయింది. దాని వెనకే కోరన్ కూడా వెళ్లాడు, తన పడవలోనే కూలీగా. వల ఉచ్చిర బొబ్బర్ల పాదు చుట్టూ కంచెగా ఉంది. మేకల్ని బాగా ఆపుతోంది.

ఒకరోజు బైకు హారన్ మోగింది. ఉచ్చిర గిన్నెతో వచ్చింది. లావాటి మత్తి చేపలు, వీపు నల్లగా నిగనిగలాడుతోంది.

"ఎక్కడివి?" అన్నాడు అంబాడి.

"ఒమానువట. ఓడలో వచ్చాయట." ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

అలవాటుకొద్దీ అంబాడి తోకను మణికట్టు గీత మీదికి జరిపాడు. చేప అరచెయ్యి దాటింది. మొదటి కణుపు దాటింది. మూతి మధ్యవేలి కొసను సరిగ్గా తాకింది. గడ్డకట్టిన మంచులా చల్లగా ఉంది. చేతి వేళ్లు కొంకర్లు పోయేదాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"వేయించు" అన్నాడు చివరికి. "నూనె పొయ్యక్కర్లేదు."