మామగారి భుజం

ఆ ఇంట్లో కోడలి మాటకి పూచికపుల్ల విలువ లేదు. మామగారు నలభై ఏళ్లుగా కుర్చీలూ బల్లలూ బాగుచేస్తున్న వడ్రంగి. ఎవరేం చెప్పినా వినరు, కోడలు చెబితే అసలే వినరు. కుట్టు ఫ్యాక్టరీలో ఆమెకి రెండు రోజులు ప్రథమ చికిత్స నేర్పి సర్టిఫికెట్ ఇస్తే, "కట్టు కట్టడానికి కూడా కాగితమా!" అని పడీపడీ నవ్వారు. ఆమెకి ఒళ్లు మండింది. మండదూ మరి?

ఒక ఆదివారం పొద్దున్నే అటక మీది చెక్కలు దింపుతూ ఆయన నిచ్చెన మీంచి జారిపడ్డారు. కోడలు పరుగెత్తుకొచ్చి చూస్తే, నేల మీద కూర్చుని మూలుగుతున్నారు. కుడి భుజం గుండ్రం పోయి పలకలా తయారైంది. ఆ కుడి చెయ్యి లేకపోతే ఈ మనిషి బతకలేడు.

ఈలోగా మామగారి అన్నగారు దిగారు. ఆయనా వడ్రంగే. తమ్ముడి భుజాన్ని కాలూడిన స్టూలుని చూసినట్టు అటూ ఇటూ చూసి, చెవి మీది పెన్సిలు తీసి, ఆ భుజం మీద అడ్డంగా ఒక గీత గీశారు!

"అంగుళం కిందికి దిగిందిరా. లాగి ఒక్కటిస్తే గాడిలో పడుతుంది. అమ్మాయ్, ఆ చెక్క సుత్తి ఇలా ఇయ్యి."

"ఇయ్యమ్మా," అన్నారు మామగారు. "మా అన్న బిగిస్తే ఇక కదలడమంటూ ఉండదు."

కోడలు సుత్తి తీసుకుని, కింద పెట్టి, దాని మీద కూర్చుంది.

"ఇవ్వను పెదమామగారూ. లోపల ఎముక విరిగిందో లేదో మనకి తెలీదు. లాగితే నరం దెబ్బతింటుంది. తర్వాత ఈ చేత్తో ఉలి కాదు కదా, చెంచా కూడా పట్టుకోలేరు. మామగారూ, వేళ్లు కదపండి."

మామగారు విసుక్కుంటూనే కదిపారు. నాలుగు బాగానే ఉన్నాయి, చిటికెన వేలికి తిమ్మిరి. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ఇక ఆమెదే రాజ్యం. చెయ్యి ఎలా ఉందో అలాగే ఉంచి, చేతికీ ఒంటికీ మధ్య సందులో మెత్తటి దిండు పెట్టి, దుప్పటి చింపి మెడకి వేలాడేలా కట్టింది. పెదమామగారు టీ తెస్తే, "మత్తు ఇవ్వాల్సి రావచ్చు, ఏమీ తాగకూడదు" అని తోసేసింది. పాపం, ఆయనే గొణుక్కుంటూ తాగేశారు. ఆసుపత్రికి కార్లో వెళ్తుంటే దారి పొడుగునా ఆమెది ఒకటే మాట: "ఎవరు లాగబోయినా లాగనివ్వకండి."

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి డాక్టరు తల పంకించాడు.

"కీలు తప్పడమే కాదు, ఎముక అంచు కూడా చిట్లింది. ఇంట్లో లాగి ఉంటే చెయ్యి పోయేది. ఎవరోగానీ కట్టు బాగా కట్టారు."

పెదమామగారు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు.

డాక్టరు మత్తు సూది పట్టుకుని, "మత్తిచ్చి, మెల్లగా లాగి సరిచేస్తాను పెద్దాయనా" అంటూ దగ్గరికొచ్చాడు. అంతే, మామగారు మంచం మీద వెనక్కి జరిగిపోయారు.

"ఆగండి! మా కోడల్ని పిలవండి!"

ఆమె కంగారుగా లోపలికొచ్చింది. గదిలో ఉన్న నర్సులూ రోగులూ అందరూ వింటుండగా మామగారు చిన్నపిల్లాడిలా అడిగారు.

"అమ్మా, ఈయనెవరో లాగుతానంటున్నాడు. లాగనివ్వమంటావా?"

డాక్టరు నోరెళ్లబెట్టాడు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"లాగనివ్వండి మామగారూ," అంది కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు గానీ ఆయన చెయ్యి ఇవ్వలేదు.