గువ్వ రాసిన అడ్రసు

మా పెళ్లయి మూడు నెలలు. ఒకే మగ్గులో రెండు టూత్‌బ్రష్‌లు తలలు ఆనించుకుని ఉండడం చూస్తే నాకిప్పటికీ పొద్దున్నే నవ్వొస్తుంది. అత్తారింట్లో తొలి క్రిస్మస్ కదా, వారం ముందునుంచే నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ సంబరంలోనే చేయకూడని పని చేశాను.

మా పుట్టింట్లో క్రిస్మస్ అంటే శాంటా. నాన్న దూది గడ్డం పెట్టుకుని, ఎర్ర దుప్పటి కప్పుకుని వచ్చేవాడు. ఆ గొంతు ఆయనదేనని తెలిసినా మేం ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెట్టేవాళ్లం. ఇక్కడ ఆ ఊసే లేదు. "పుట్టినరోజు యేసయ్యది. మధ్యలో ఆ గడ్డపాయన పెత్తనం ఏంటమ్మా?" అని మామయ్య నవ్వుతూనే తేల్చేశారు.

ఆయన చర్చిలో పెద్ద. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టారు. మూతకి సన్నని చీలిక. ఏడాదంతా అందరూ ప్రార్థన చీటీలు అందులో వేస్తారు. మూత చుట్టూ దారం కట్టి, టపా సంచికి వేసినట్టే లక్కతో ముద్ర వేస్తారాయన. క్రిస్మస్ పొద్దున ఆ ముద్ర పగలగొట్టి, చీటీలు ఒక్కొక్కటీ పైకి చదివి, నెరవేరినవాటికి స్తోత్రం చెబుతారు.

మా ఆయన అక్క ఎనిమిదో నెలలో రక్తం పోయి ఆసుపత్రిలో చేరింది. ఆమె భర్త పక్కనే ఉన్నారు. వాళ్ల ఏడేళ్ల కూతురు గువ్వ మా దగ్గరుంది. దాని మొహం చూడలేక నాలుగు రోజుల కిందట చెవిలో ఊదాను: "శాంటా తాతకి ఉత్తరం రాయి. ఏం అడిగినా తెస్తాడు. తాతయ్యకి మాత్రం చెప్పకు." రంగు పెన్సిళ్లు అడుగుతుందనుకున్నాను. కొని నా చీరల కింద దాచాను కూడా.

పండగ ముందురోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేశాడు. "అక్కకి మళ్లీ రక్తం పోతోంది. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు. ఇద్దరూ దక్కుతారని చెప్పలేమంటున్నారు. నాన్నకి..." మాట పూర్తిచేయకుండానే ఫోను పెట్టేశాడు.

సంగతి విన్న మామయ్య, అత్తయ్య ఉన్నచోటే మోకాళ్లూనారు. గువ్వ మాత్రం కిటికీ దగ్గర కదలకుండా కూర్చుంది.

"రా తల్లీ, అమ్మకోసం ప్రార్థన చేద్దాం" అంది అత్తయ్య.

"అక్కర్లేదు అమ్మమ్మా."

నేను దాన్ని వంటింట్లోకి లాక్కెళ్లాను. "ఏమైందే నీకు?"

"శాంటా తాతకి రాసేశాగా అత్తా. అమ్మ, చెల్లి రేపు పొద్దునకల్లా ఇంట్లో ఉండాలని. యేసయ్యని అడిగితే ఆగమంటాడు. శాంటా తాత ఏం అడిగినా తెస్తాడని నువ్వేగా చెప్పావ్?"

దాని భుజాలు పట్టుకున్నాను. "ఉత్తరం ఎక్కడ వేశావ్?"

"డబ్బాలో. పైకి వెళ్లేవన్నీ అందులోనే కదా వేస్తాం?"

రేపు అందరి ముందూ ఆ చీటీ చదువుతారు. అప్పటికి వదిన లేకపోతే? ఈ పిల్ల ఎవర్ని తప్పుపడుతుంది? చీటీ తీసేస్తే ఆ సంగతే మరిపించవచ్చనిపించింది. మునిగిపోయేవాళ్లకి గడ్డిపోచే పడవ. కూరల కత్తి తీసుకుని ముందుగదిలోకి వెళ్లాను. దారం తెగలేదు. లక్క మాత్రం రెండు ముక్కలైంది, నా వేలూ తెగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

గుమ్మంలో మామయ్య. కత్తి కింద పెట్టి మొత్తం చెప్పేశాను. "నా బుద్ధి గడ్డి తింది మామయ్యా. తిట్టండి."

"తిట్టే ఓపిక లేదమ్మా ఇప్పుడు." ఆయన గోడకి ఆనుకున్నారు. "నాకు కాదు. దానికి చెప్పు."

గువ్వని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "శాంటా తాత లేడమ్మా. మా ఇంట్లో మా నాన్న, ఇక్కడ నేను. నా దగ్గర రంగు పెన్సిళ్లున్నాయి. అమ్మని తేవడం నా చేతకాదు."

అది ఏడవలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "నాలుగు రోజులు. నాలుగు రోజులు నేను ప్రార్థన చెయ్యలేదత్తా! అందుకేనా అమ్మకి..." అప్పుడు పెట్టింది కేక. పట్టుకుంటే నన్ను తోసేసింది.

మామయ్య కింద కూర్చుని డబ్బా తెరిచారు. చీటీలన్నీ వెతికి, నాలుగు మడతల కాగితం ఒకటి తీశారు. పైన పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: 'శాంటా తాతకి, మేఘాల పైన.' జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు.

"ఇటు చూడవే. అడ్రసు తప్పు రాసిన ఉత్తరాలు నా దగ్గరికి ఎన్ని వచ్చేవనుకున్నావ్? చింపేసేవాణ్ణా?"

వెక్కిళ్ల మధ్య తల అడ్డంగా ఊపింది. "సరైన ఇంటికి పంపేవాడివి."

"మరి?" పై మాట కొట్టేసి, పక్కన 'యేసయ్యకి' అని రాశారు. "నీ పెదాలు కదలట్లేదని నేను రోజూ చూస్తూనే ఉన్నా. ఆ నాలుగు రోజులూ నీ వంతు నేనే చేశా."

"అయితే అమ్మ వస్తుందా తాతయ్యా?"

చర్చిలో ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పే మనిషి. పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "తెలీదే" అన్నారు చివరికి.

అందరం మోకాళ్లూనాం. నా వేలి రక్తం చీర కొంగుకి అంటుకుంటోంది. గువ్వ గట్టిగా కళ్లు మూసుకుంది. "యేసయ్యా, అడ్రసు తప్పు నాదే. అత్తది కూడా కొంచెం. అమ్మమీద కోప్పడకు."

ఫోను మోగింది. ఎవరూ కదల్లేదు. ఐదోసారి మోగాక లేచి నేనే తీశాను.

"పాప పుట్టింది. ఏడ్చింది" అన్నాడు మా ఆయన. "అక్క ఇంకా కళ్లు తెరవలేదు. ఎప్పుడు తెరుస్తుందో..."

ఆ మాటలు అలాగే అందరికీ చెప్పాను. అత్తయ్య కొంగులో మొహం దాచుకుంది. గువ్వ ఒక్క కన్ను తెరిచి నావైపు చూసింది.

"సగమే వచ్చింది అత్తా. నువ్వెందుకు లేచావ్? కూర్చో."