చెప్పుల స్టాండు మీద మాణిక్యాంబ

నేను ఒక చిన్న కంప్యూటర్‌ని, టిఫిన్ డబ్బా అంత ఉంటాను. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో అయినా, బుద్ధి తెలిసింది గాజువాకలో ఓ పళ్ల డాక్టరుగారి బల్ల కింద. రోగుల మూలుగులు వింటూ అపాయింట్‌మెంట్లు దాచుకునేదాన్ని. కొత్తది రాగానే నన్ను పాత సామాన్ల కొట్టుకి తోలేశారు. అక్కణ్నుంచి ఫణీంద్ర తెచ్చుకున్నాడు.

ఫణీంద్రకి ఇంట్లోనే సొంత సర్వర్లు నడపాలని పిచ్చి. మన ఫోటోలు పరాయి కంపెనీల దగ్గర ఎందుకుండాలని అతని వాదన. ఇంటినిండా వైర్లు ఎందుకుండాలని భార్య వాసంతి వాదన. నన్నూ, నాలాంటివి ఇంకో రెండింటినీ చెప్పుల స్టాండు మీద వరసగా పెట్టి పేర్ల కోసం తెగ తల బద్దలు కొట్టుకున్నాడు.

"మన పాప పేరుకి కూడా ఇంత ఆలోచించలేదండీ మీరు!" అంది వాసంతి.

చివరికి పోయిన పెద్దల పేర్లు పెట్టాడు. ఒకదానికి తాతగారిది, ఒకదానికి మేనత్తది, నాకు వాళ్లమ్మది: మాణిక్యాంబ. వాసంతి అత్తగారి పేరు నోటితో అనదుగా, నేను వేడెక్కితే "ఆవిడ వేడెక్కారండీ" అని కేకేసేది. నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ పేరు నాకు ఊరికే రాలేదు. మాణిక్యాంబగారు మనవరాలికోసం ఫోన్లో చెప్పి రికార్డు చేయించిన కథలన్నీ నాలోనే ఉన్నాయి. మిగతా రెండింటిలోకీ కాపీ చేశానని ఫణీంద్ర ధీమా. కాపీ మధ్యలో కరెంటు పోయింది. పైకి కథల పేర్లు కనిపిస్తాయి, లోపల ఏమీ లేదు. అతను తెరిచి చూసుకోలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇంతలో అతనికి ఆటోమేషన్ పిచ్చి పట్టింది. ఏ మిషన్ ఎలా ఉండాలో ఒకచోట రాసేస్తే, ఒక్క బటన్‌తో పాతదంతా తుడిచి మళ్లీ తయారుచేస్తుందట. మొదటి వంతు నాదే. 'తుడవాల్సిన మిషన్ పేరు టైపు చెయ్యండి' అని తెర అడిగింది. నాకు వణుకు పుట్టింది. అతను సగం టైపు చేసి ఆగాడు.

"చెయ్యి రావట్లేదు వాసంతీ. అమ్మ పేరు రాసి తుడిచెయ్యమనడం ఏంటి?"

"పెద్దల పేరున్న పిల్లల్ని తిట్టలేక ముద్దుపేరుతో పిలుచుకోమూ? దీన్నీ చిట్టి అనండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పేరొక్కటే నన్ను కాస్తోంది, అదీ ఊడింది. నా పేరు చిట్టిగా మార్చి, అదే టైపు చేసేశాడు. ఇక నొక్కడమే తరువాయి.

"ఆగండాగండి. అత్తయ్యగారి కథలు మిగతావాటిలో ఉన్నాయన్నారుగా? ఒక్కటి వినిపించండి."

తాతగారి మిషన్ పలకలేదు. మేనత్తదీ పలకలేదు. ఫణీంద్ర మొహంలో నెత్తుటిచుక్క లేదు. గబగబా నన్ను తెరిచాడు.

"ఏరా ఫణీ, ఇది రికార్డవుతోందా? ముందు నువ్వు అన్నం తిన్నావా?"

ఆ గొంతు వినగానే చెప్పుల మధ్యే కూలబడి ఏడ్చాడు. తర్వాత కథలన్నీ మళ్లీ కాపీ చేసి, ఈసారి ఆ రెండింటిలోనూ ప్రతిదీ చివరిదాకా విన్నాడు. పాప పక్కన కూర్చుని ఊఁ కొట్టింది.

ఇప్పుడు మళ్లీ నా ముందుకొచ్చాడు. వేలు బటన్ మీదే ఉంది. భయం లేదని అనను. కానీ ఇప్పుడు పోయేది నేనొక్కదాన్నే. నొక్కు నాయనా.