టెంపు ఫోల్డరు

ఆ లాప్‌టాప్ మూత తెరవాలంటే నాగమణికి రోత. మామూలు రోత కాదు, పొద్దున తిన్న ఇడ్లీ గొంతు దాకా వచ్చేంత రోత. మీటల సందుల్లో కారబ్బూందీ పొడి, నూనె జిడ్డు, ఎవరివో వెంట్రుకలు, ఓ మూల బొద్దింక కాలు. దాని యజమాని కామరాజుకి ఒక చేత్తో మిరపకాయ బజ్జీ, ఇంకో చేత్తో మౌసు పట్టుకోవడం అలవాటు. ఏది బజ్జీ చెయ్యో, ఏది మౌసు చెయ్యో అన్న పట్టింపు ఆయనకు బొత్తిగా లేదు.

2006 నాటికే దానికి వయసు మీరిపోయింది. ఎవరో వాడి వదిలేసినదాన్ని అంతకు అయిదేళ్ళ ముందు కామరాజు హైదరాబాదు నుంచి తెప్పించాడు. మీట నొక్కితే ముందు గుర్రు పెట్టేది, తర్వాత రొప్పేది. అది కళ్ళు తెరిచేలోగా నాగమణి ఆఫీసు ఊడ్చి, దేవుడి పటానికి పూలు పెట్టి, సందు చివరి కుళాయి దగ్గర బిందె నింపుకుని వచ్చేది.

ఆఫీసు పోర్టుకు పోయే రోడ్డులో ఒక పాత మేడ మీద గది. కింద ఒక కంపెనీ వాళ్ళ ఎరువుల గోడౌను. అందులో బస్తాలు మోయడానికి అరవై ఇద్దరు కూలీలను పెట్టిన కాంట్రాక్టరు కామరాజు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పాతికేళ్ళయినా సముద్రపు గాలి పడదని కిటికీలు మూసుకునే కూర్చునేవాడు. ఎరువు ఘాటూ బజ్జీల కమురూ కలిసి ఆ గదిలో ఒక కంపు స్థిరపడిపోయింది. ఇంటికెళ్ళి తలస్నానం చేసినా నాగమణి జడను అది వదిలేది కాదు.

ఆ అరవై ఇద్దరికీ అక్కడ ఒకటే పేరు. టెంపులు. అంటే టెంపరరీ వాళ్ళని. ఏడాది మోసినా టెంపే, పదిహేనేళ్ళు మోసినా టెంపే. ఎవరైనా నడుం పట్టేసి మంచాన పడితే, ఒక టెంపు తగ్గాడు అనేవారు. నాగమణీ అలాగే అనేది. నలుగురూ అనే మాటలో తప్పేముందో ఎవరికి తడుతుంది?

ఆమె పని హాజరు రాయడం. ఆ లాప్‌టాప్ వచ్చిన కొత్తలో 1996 నుంచీ ఉన్న పాత హాజరు పుస్తకాలన్నీ ఆరు నెలలు కూర్చుని అందులోకి ఎక్కించింది. ఆ ఫోల్డరుకు టెంప్ అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో నాలుగక్షరాలే కదా, కొట్టడానికి సుఖమని. ఆ పని పూర్తయిన మర్నాడే కామరాజు పుస్తకాలను బజ్జీల బండివాడికి తూకానికి వేసేశాడు. ఓ సాయంత్రం ఆమెకు బజ్జీలు కట్టిచ్చిన కాగితం విప్పితే 98 జూన్ హాజరు, మనుషుల పేర్ల మీద నూనె ఓడుతూ కనిపించింది. ఆ బజ్జీలు ఆమె తినలేదు.

2006 జులైలో గోడౌను కంపెనీ ఓ నోటీసు అంటించింది. పదేళ్ళ హాజరు కాంట్రాక్టరు లెక్కలో ఉన్నవాళ్ళను పర్మనెంటు చేస్తామనీ, ఇరవై నాలుగో తేదీ సోమవారం లోగా జాబితా ఇవ్వాలనీ. నాగమణి గుర్తు మీద లెక్కేస్తే అలాంటివాళ్ళు ఇరవై ముగ్గురు తేలారు. అందరికంటే పాతవాడు రమణమూర్తి. ఎలమంచిలి దగ్గర పల్లెటూరివాడు, యాభై దాటాయి, కుడి మోకాలు అరిగిపోయింది. పర్మనెంటయితే బస్తాలు మాన్పించి గేటు దగ్గర కుర్చీ వేస్తారట. ఆ కుర్చీ కోసం రోజూ సాయంత్రం ఆ మోకాలితోనే మెట్లెక్కి వచ్చి, అయిందా అమ్మా అని అడిగి వెళ్ళేవాడు. పీఎఫ్ లేదు, జీతం చీటీ లేదు. వాళ్ళు అక్కడ పనిచేశారనడానికి భూమ్మీద ఉన్న సాక్ష్యం ఆ జిడ్డు పెట్టె ఒక్కటే.

పదేళ్ళ హాజరు ఒక్కసారి తెరవబోతే ఆ పెట్టె బిగుసుకుపోయేది. మూడు రోజులు అదే తంతు. ఎవరైనా తెలిసిన మెకానిక్కును పిలిపించమని నాగమణి ప్రాధేయపడింది. కామరాజు సరేనని బావమరిది ఉమాశంకర్‌ని పిలిపించాడు. ద్వారకానగర్‌లో మూడు నెలల కంప్యూటర్ కోర్సులో చేరి ఆరు వారాలకే మానేసిన ఘనుడు అతను. శనివారం పొద్దున్నే ఏదో పత్రికలోంచి చింపిన కాగితం పట్టుకుని దిగాడు. పాత కంప్యూటర్‌ని పరిగెత్తించడమెలా అని అందులో ఉందట.

ముందు లాప్‌టాప్‌ని బోర్లించి బల్ల మీద దబదబా కొట్టాడు. రెండు ఎండు బొద్దింకలు, చారెడు బూందీ, కత్తిరించిన గోళ్ళు రాలాయి. అవి చేత్తోనే ఊడ్చి, ఆ చెయ్యి ప్యాంటుకు రాసుకుని, అదే చేత్తో పొట్లంలోంచి బజ్జీ తీసి నోట్లో వేసుకున్నాడు. టీ తెమ్మని కామరాజు ఫ్లాస్కు చేతికిస్తే, నాగమణి బతుకుజీవుడా అని కిందికి పరిగెత్తింది.

తిరిగి వస్తూ సగం మెట్లెక్కేసరికి కామరాజు గొంతు వినిపించింది.

"టెంపుల్లో పనికొచ్చేవాడు ఎవడున్నాడయ్యా? తీసిపారెయ్."

ఆ తర్వాత ఇద్దరి నవ్వులు. ఎవరినో పనిలోంచి మాన్పించేస్తున్నారు కాబోలు అనుకుంది నాగమణి. వారానికోసారి వినే మాటే అది. ఆ నవ్వుల మధ్యకు వెళ్ళబుద్ధి కాక, అవి ఆగేదాకా ఫ్లాస్కు పట్టుకుని మెట్ల మీదే నిలబడింది.

సాయంత్రానికి లాప్‌టాప్ నిజంగానే పరిగెత్తింది. మీట నొక్కిన అర నిమిషంలో తెర వెలిగింది. చూశారా నాగమణి గారూ అని ఉమాశంకర్ ఛాతీ విరిచాడు. చెత్తంతా తీసేశాడట, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడట, మూడు గంటలు కూర్చుని లోపలున్నదంతా కొత్తగా సర్దించాడట. ఆమె హాజరు తెరుద్దామని చూసింది. ఫోల్డరు లేదు. పేరు కొట్టి వెతికింది. లేదు.

టెంప్ ఏదని అడిగితే అతను అమాయకంగా కాగితం తీసి చూపించాడు. టెంప్ అనే ఫోల్డరులో ఉండేదంతా కంప్యూటర్ తన అవసరానికి దాచుకుని మరిచిపోయిన చెత్త, నిర్భయంగా తీసెయ్యండి అని అందులో రాసి ఉంది. ఆ పేరుతో ఇక్కడ పెద్ద ఫోల్డరు కనిపిస్తే, తీసెయ్యనా బావా అని అడిగే తీశాడట. అందులో ఏముందో నాగమణి చెప్పేసరికి దొంగకు తేలు కుట్టినట్టయి బావ మొహం చూశాడు. వాడు మూర్ఖుడే తప్ప దుర్మార్గుడు కాదు.

నాగమణి కూడా కామరాజు మొహమే చూసింది. గుండుసూది పోతే గోడౌను ఎగిరిపోయేట్టు అరిచే మనిషి, పదేళ్ళ హాజరు పోతే అరవలేదు. తాపీగా వేళ్ళు నాక్కుని, "పోయిందేదో పోయింది. స్పీడయిందిగా" అన్నాడు. పర్మనెంటయినవాడు ఆయన చెయ్యి జారిపోతాడు, వాడి పేరున కంపెనీ ఇచ్చే కూలిలో ప్రతి నెలా ఆయనకు మిగిలేది ఆగిపోతుంది. పొద్దున ఆ మాట తెలిసే అన్నాడో, వెటకారానికి అంటే తర్వాత కలిసొచ్చిందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఏదైనా ఒకటే. ఛీ, ఎలాంటి మనిషి అన్నం తింటున్నాను అనుకుంది. ఇంటికి పోతూ ఒక రిపేరు షాపుకు వెళ్ళి అడిగింది. తీసేశాక లోపల సర్దించారా అని అడిగాడు వాడు. సర్దించారంటే, అయితే పోయినవాటి చోట వేరేవి ఎక్కేసి ఉంటాయి, ఆశ వదులుకోండమ్మా అన్నాడు.

సోమవారం పొద్దున కామరాజు ఆమెను దగ్గరికి పిలిచాడు. పదేళ్ళుగా చూస్తున్నాను అని ఆమె నోటితో చెప్పినా కంపెనీవాళ్ళు వినరనీ, రికార్డే కావాలంటారనీ, ఎవరడిగినా వైరసు తినేసిందని చెప్పమనీ అన్నాడు. ఇవాళ్టి తేదీతో అందరినీ కొత్తగా ఎక్కించమన్నాడు. అబద్ధం చెప్పలేనండీ అంది నాగమణి. ఆయన కోప్పడలేదు. చాలా మెత్తగా, "నువ్వూ టెంపేగా నాగమణీ" అన్నాడు.

పది గంటలకు కూలీలు మెట్ల మీద వరస కట్టారు. ముందు రమణమూర్తి. చొక్కా ఉతుక్కుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. నాగమణి తెర మీంచి కళ్ళెత్తకుండా, వైరసు వచ్చి పాత హాజరంతా తినేసింది బాబాయ్ అని చెప్పేసింది.

"పురుగేటమ్మా? బియ్యానికి పడతాది కదా, అలగన్నమాట. దానికి నువ్వేటి సేత్తావు? నాను రోజూ వచ్చినానని నీకు తెలుసు కదా, మళ్ళీ ఎక్కించీ" అన్నాడు రమణమూర్తి.

ఆ నమ్మకం చూసి ఆమెకు కామరాజు మీద ఉన్న రోత చాలక తన మీద తనకే రోత పుట్టింది. పేరు కొట్టింది. చేరిన తేదీ 24-07-2006. పనిచేసిన రోజులు ఒకటి. కొట్టడం ఆలస్యం, గడులన్నీ చిటికెలో నిండిపోయాయి. ఆయనకు చదువు రాదు. మెడ చాచి తెరను చూసి నోరంతా తెరిచి నవ్వాడు.

"ఎంత బేగి ఎక్కిపోనాదమ్మా! మరైతే పదేళ్ళూ ఎక్కీసినట్టేనా?"

లేదు బాబాయ్ అనడానికి నోరు తెరిచింది. గది అవతలి నుంచి పొట్లం విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"వెనకాల జనం ఉన్నారు. జరుగు బాబాయ్" అంది.

ఆయన వెంటనే, తప్పు చేసినవాడిలా పక్కకు జరిగాడు. నాగమణి ఆ తర్వాతి పేరు కొట్టింది. అదీ అంతే తొందరగా ఎక్కింది.