వెనక్కి తిరగని నీళ్లు

రండి, కుర్చీలు ఇటు లాక్కోండి. తలుపు దగ్గర నిలబడ్డ అన్నా, నువ్వూ రా, చోటుంది. దేవుడి దయవల్ల నా గొంతు ఇంకా బాగానే ఉంది. మన యాంబొల్ ఊరి నెవెన పనిలో చేరిన మొదటిరోజు సంగతి చెబుతాను.

నెవెనకి ముప్ఫై ఏళ్లు. నోరు ఊరుకోక అప్పటికి రెండు ఉద్యోగాలు పోగొట్టుకుంది. మూడోది బుంగమిరపకాయలు కాల్చి సీసాలకెత్తే ఫ్యాక్టరీలో దొరికింది. సాయంత్రం దాకా చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే ఇంటికే. ఇంకో ఫ్యాక్టరీ ఊళ్లో లేదు.

"ఈ ఒక్కరోజూ నోటికి తాళం వెయ్యవే తల్లీ," అంది స్తోయ్‌నా అవ్వ, పునీత పెత్కా పటం ముందు దీపం ఎగదోస్తూ.

కొత్త పనికి బయల్దేరేవాళ్ల ముందు గడపలో నీళ్లు ఒంపుతాం కదా, పని నీళ్లలా సాగాలని. దానికి చెంబుడు చాలు. అవ్వకి మనవరాలంటే ప్రాణం. రాగి బిందెలో జెరేనియం రెమ్మ వేసి, బిందెకి బిందె కుమ్మరించింది. నెవెన కుడికాలు పెట్టి దాటింది. నీళ్లు ఇంకలేదు. జానెడు వెడల్పున ఆమె ముందు సాగి, మెట్లు దిగి, వీధి మలుపు తిరిగి, బస్సు దగ్గర ఆగాయి.

"నీకొక్కదానికే టికెట్," అన్నాడు డ్రైవరు. "వాటిని మాత్రం సీట్లెక్కనివ్వకు."

ఫ్యాక్టరీలో మేస్త్రీ పెన్కా నడుం మీద చేతులేసుకుని చూసింది. "పనికొచ్చావా, చెరువు తెచ్చావా?"

"మా అవ్వ పోసిందక్కా."

"చెంబు అనేది ఉంటుందని ఆవిడకి తెలీదూ? తుడువు!"

తుడిచింది. అవి మళ్లీ వచ్చి, ఆమె పీట కింద పిల్లిలా ముడుచుకుని పడుకున్నాయి.

కాల్చిన కాయ తొక్క వేళ్లతోనే ఒలవాలి. నీళ్లు తగిలాయో, పొగ వాసనా తీపీ రెండూ పోతాయి. అందుకే సీసా మీద 'చేత్తో ఒలిచినవి, నీరు తగలనివి' అని ఉంటుంది. మధ్యాహ్నానికి లారీ వచ్చేసింది, కాయలు కుప్పగా మిగిలాయి. పెన్కా పైపు తెచ్చి నెవెన చేతిలో పెట్టింది. "కడిగెయ్. తొక్క దానంతటదే ఊడుతుంది."

నెవెనకి అవ్వ వేసిన తాళం గుర్తొచ్చింది. సీసా మీది అక్షరాలూ కనబడ్డాయి.

"కడగనక్కా. ఒక చేత్తో కడిగి ఇంకో చేత్తో ఆ కాగితం అంటించలేను."

"మొదటిరోజే ఇంత పొగరా! తక్కినవాళ్లంతా కడగట్లేదూ?"

పదిమంది ఆడవాళ్లు తలలొంచుకుని కడుగుతూనే ఉన్నారు. ఇంతలో యజమాని గ్రోజ్దేవ్ వచ్చాడు. సంగతి విని, "పంపించెయ్," అన్నాడు.

నెవెన లేచింది. చేతులు తుడుచుకుంది. అలవాటుగా కిందికి చూసింది. నీళ్లు గేటు వైపు సాగలేదు. పీట కిందే ఉన్నాయి, నిశ్చింతగా.

ఆమె మళ్లీ కూర్చుంది.

"నీతోనే చెబుతున్నది!" అన్నాడు గ్రోజ్దేవ్.

"నీళ్లు వెనక్కి తిరగలేదండీ. నేనెందుకు తిరుగుతాను?" అంటూ ఇంకో కాయ తీసింది.

అప్పుడు నీళ్లు కదిలాయి. మెల్లగా గది దాటి, వెళ్లి పెన్కా జోళ్ల ముందు ఆగాయి. అనాథాశ్రమం నుంచి ఇరవై రెండేళ్ల కిందట ఒంటరిగా ఈ పనికి వచ్చింది పెన్కా. ఆ రోజు ఆమె ముందు చుక్క నీళ్లు ఒంపినవాళ్లు లేరు.

పెన్కా చాలాసేపు కిందికి చూసింది. తర్వాత కుడికాలు ఎత్తి ఆ నీళ్లు దాటింది. వెళ్లి కుళాయి కట్టేసింది. పీట లాక్కుని నెవెన పక్కన కూర్చుంది.

"జరుగు. ఇంత నెమ్మదిగా ఒలిస్తే క్రిస్మస్ వచ్చేస్తుంది."

ఒక్కొక్కరే పైపులు కింద పడేశారు. పన్నెండుమంది ఆడవాళ్లు పొడిచేతులతో ఒలుస్తుంటే గ్రోజ్దేవ్ ఎవర్ని పంపుతాడు? గొంతు సవరించుకుని, లారీని ఆగమని చెప్పడానికి వెళ్లాడు.

నెవెన ఈనాటికీ అక్కడే ఉంది. కొత్త పిల్ల ఎవరొచ్చినా గేటు దగ్గర పెన్కాయే నీళ్లు ఒంపుతుంది.

ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మీ వీధిలో ఎవరైనా కొత్త పనికి బయల్దేరితే, ముఖ్యంగా ఇంట్లో ఎవరూ లేనివాళ్లయితే, మీరు వెళ్లి వాళ్ల గడపలో నీళ్లు ఒంపండి. చెంబుతో సరిపెట్టకండి, బిందె ఎత్తండి. అవి ఎటు పారాలో దేవుడు చూసుకుంటాడు.