తీసిన బ్యాకప్ ఎక్కడ పెట్టారు?

స్కాన్ సెంటర్ వాళ్లకి చిన్నకోడలి ఫొటో కావాలి. నోరు అక్కర్లేదు. "మా తనిఖీ ఒక మహిళ చేశారు" అని ఫ్లెక్సీ కూడా ముందే వేయించి పెట్టుకున్నారు, సంబడం! సర్టిఫికెట్ మీద ఆమె సంతకం పడటమే తరువాయి.

ఇంట్లో అందరికీ చిన్నకోడలే గానీ, బయట ఆమె సైబర్ ఆడిటరు. కంపెనీల కంప్యూటర్లు దొంగల పాలు కాకుండా నియమాల ప్రకారం ఉన్నాయా లేవా అని చూసి చెప్పడం ఎనిమిదేళ్లుగా ఆమె పని. ఈ సంతకం పడితే సీనియర్ కుర్చీ నీదేనని బాసు ఊరించి మరీ పంపాడు.

ఏసీ గదిలో డైరెక్టరూ, కంప్యూటర్ల పెద్దా కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

"రోగుల రికార్డులు పోతే ఏం చేస్తారు?" అంది.

"బ్యాకప్ రోజూ తీస్తున్నామమ్మా," అన్నాడు కంప్యూటర్ల పెద్ద, పసిపిల్లకి నచ్చజెప్పినట్టు. "మేం నింపిచ్చిన తనిఖీ కాగితంలో టిక్కు ఉంది చూడు."

"తీసింది ఎక్కడ పెట్టారు?"

ఆ మహానుభావుడు తల గోక్కున్నాడు. "ఎక్కడ పెడతాం? అదే మిషన్లో."

ఇంటి రెండో తాళంచెవి ఇంట్లోనే వదిలి తలుపుకి తాళం వేసుకునే రకం! ఇలాంటి మనిషికి ఒక గది, కింద ఆరుగురు! మూడేళ్లుగా వేరే కంపెనీల నుంచి వచ్చిన మగ మహారాజులంతా "తీస్తున్నాం" అంటే తలూపి, బిస్కెట్లు తిని పోయారు. ఎక్కడ పెట్టారని అడగాలని ఒక్కడికీ తోచలేదు. ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ఎక్కడ పెట్టావని అందరూ మీదపడి అడిగేది ఆడదాన్నే కదా, అందుకే ఆమెకి తోచింది.

"ఆ ఒక్క మిషన్ దొంగల చేతిలో పడితే అసలూ, నకలూ రెండూ పోతాయి. బ్యాకప్ లేదనే రాస్తాను."

"ఆడవాళ్లకి విలువిద్దామని కోరి పిలిపించాం. కాస్త పట్టువిడుపులుండాలమ్మా," అంటూ డైరెక్టరు ఆమె బాసుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"సర్దుకుపో తల్లీ," అన్నాడు బాసు. "కుర్చీ సంగతి గుర్తుందిగా?"

"సర్దుకుపోవడం ఇంట్లో ఊరికే చేస్తున్నాను సార్. మీరు జీతమిచ్చేది సర్దుకుపోనందుకు."

"అయితే కుర్చీ ఇంకొకరికి."

"ఇచ్చుకోండి."

వాళ్ల టిక్కుని అడ్డంగా కొట్టేసి, పక్కన "లేదు" అని గుండ్రంగా రాసి, కింద సంతకం చేసింది.

డైరెక్టరు మొహం కందగడ్డయింది. "ఈసారి మీ ఆఫీసు నుంచి మగవాణ్ని పంపమంటాను!"

"తప్పకుండా," అంది చిన్నకోడలు, సంచీ భుజాన వేసుకుంటూ. "మా ఆఫీసులో వాళ్లందరికీ పని నేర్పింది నేనే."