పద్నాలుగు మంది బల్ల

"చికెన్ ఎవరికి? చేతులెత్తండి, లేకపోతే నేనే తినేస్తాను," అంది గ్లెండా.

హోటల్లో మూడు బల్లలు కలిపి వేసిన వరసలో నవ్వులు లేచాయి. ఆమె రెండు చేతుల మీద నాలుగు పళ్ళాలున్నాయి. పొద్దున ఆరింటి నుంచీ నిలబడే ఉంది. దవడ పన్ను నెల రోజులుగా సలుపుతోంది, పీకడానికి నూట ఎనభై డాలర్లు అడిగారు. గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్ల జీతగత్తె అంత డబ్బు ఎక్కడ తెస్తుంది? జీతం పేరుకే, బతుకంతా తినేవాళ్ళ టిప్పు మీదే.

వచ్చిన పద్నాలుగు మందీ తలుపుల ఫ్యాక్టరీ వాళ్ళు. ఆ ఉదయం పదకొండింటికి ఆఖరి షిఫ్టు ముగిసింది, గేటుకి తాళం పడింది. విడిపోయే ముందు ఒక్కసారి కలిసి తిందామని వచ్చారు. మేస్త్రీ వెర్నన్ అందరి దగ్గరా తలా ఇంత వసూలు చేసి, బిల్లు కట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

"బిల్లయితే తీరింది. మరి ఈ అమ్మాయి సంగతేంటి?" అంది ఓపల్. ముప్ఫై ఒక్కేళ్ళు అక్కడ తలుపులకి కీళ్ళు బిగించిన ఆడమనిషి. ఖాళీ అయిన రొట్టెల బుట్ట తీసి రెండు నోట్లు వేసి పక్కకి జరిపింది. "పెద్ద గుంపంటే వడ్డించేవాళ్ళకి గుండె దడ. మనం అలాంటోళ్ళం కాదు. వెయ్యండ్రా."

ఆమె అన్నది నిజమే. ఇద్దరు కూర్చున్న బల్లయితే వడ్డించిన మనిషి మొహం చూడాలి కనక ఎంతో కొంత పెట్టే లేస్తారు. గుంపు వస్తే ఆయన పెట్టాడులే అని ఈయన, ఈయన పెట్టాడులే అని ఆయన. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు, చివరికి బల్ల మీద మెతుకులు తప్ప ఏమీ ఉండదు. అందుకే ఎనిమిది మంది దాటితే బిల్లులోనే పద్దెనిమిది శాతం టిప్పు కలపమని రెండేళ్ళ క్రితం పనివాళ్ళే హోటల్ యజమాని రాయిస్‌ని అడిగారు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత త్వరగా ఎందుకు ఒప్పుకున్నాడో నెల తిరిగాక తెలిసింది. అందులో సగం హోటల్‌కి, పగిలిన పళ్ళాల కిందా గ్యాసు కిందా. బిల్లు మీద ఆ పద్దెనిమిది శాతం అమ్మకం పన్ను వరస కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది.

"అడిగితే చెప్పండి. అడక్కపోతే మళ్ళీ టిప్పు పెడతారు, మీకే లాభం," అన్నాడు రాయిస్. గ్లెండా రెండేళ్ళుగా చెప్పలేదు. సూట్లు వేసుకొచ్చిన వకీళ్ళ గుంపు రెండుసార్లు పెట్టి వెళ్ళినప్పుడు ఆమెకి నిద్రేమీ చెడలేదు.

బుట్ట బల్ల చుట్టూ తిరుగుతోంది. నీళ్ళ జగ్గు పట్టుకుని గ్లెండా చూస్తూ నిలబడింది. ఒక్క మాట చాలు, బుట్ట ఆగిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పన్ను నొప్పి వెనక్కి లాగింది. పన్ను మీదకి నెట్టడమెందుకు, ఆశే లాగింది.

డ్యూయీ అనే కుర్ర మెకానిక్ జేబులు తడుముకుని పక్కవాడి వైపు వంగాడు. "ఓ పది సర్దు బావా, సోమవారం ఇచ్చేస్తా."

"సోమవారం నీకు పనుందేంట్రా?" అన్నాడు పక్కవాడు. బల్ల గొల్లుమంది. నవ్వుతూనే పది ఇచ్చాడు, డ్యూయీ దాన్ని బుట్టలో వేశాడు.

అందరూ లేచి వెళ్ళాక గ్లెండా నోట్లు తీసుకుంది. అరవై ఒక్క డాలర్లు. ఏప్రన్ జేబులో పెట్టుకుంటుంటే తనమీద తనకే రోత పుట్టింది. అయినా పెట్టుకుంది.

బల్ల తుడుస్తుండగా తలుపు తెరుచుకుంది. ఓపల్ ఒక్కతే ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమనుకోకు తల్లీ. అందరూ ఐదూ పదీ వేస్తుంటే నేను రెండు డాలర్లే వేశాను. సిగ్గేసింది. కారు సీటు కింద ఐదు దొరికింది, ఇదిగో."

గ్లెండా చెయ్యి ముందుకి రాలేదు.

"పెద్దావిడ ప్రేమగా ఇస్తోంది, తీసుకో గ్లెండా," అన్నాడు కౌంటర్ వెనక నుంచి రాయిస్.

ఆ మాటతో ఆమెకి ఒళ్ళు మండింది. కౌంటర్ మీది బిల్లు నకలు లాక్కుని ఓపల్ ముందు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ చదువమ్మా. నలభై ఆరు డాలర్ల ఎనభై సెంట్లు. నా పేరు చెప్పి మీ దగ్గర ముందే తీసుకున్నారు. అందులో సగం ఈయనకి. మీరు ఇవ్వాల్సింది ఎప్పుడో ఇచ్చేశారు. బుట్ట తిప్పుతుంటే నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నా."

జేబులోని నోట్లన్నీ తీసి బిల్లు పక్కన పెట్టింది.

ఓపల్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వరస నిదానంగా చదివింది.

"డ్యూయీ అప్పు చేసిన పది కూడా ఇందులోనే ఉందా?"

"ఉందమ్మా."

"ముప్ఫై ఒక్కేళ్ళు నా జీతంలోంచి ఏమేం కోస్తున్నారో నాకెవరూ చెప్పలేదు," అంది ఓపల్. "వాళ్ళు చెప్పరు, వాళ్ళు యజమానులు. నువ్వు చెప్పాలి కదే? నువ్వూ మాలాంటిదానివే అనుకున్నాం."

గ్లెండాకి ఏడుపొచ్చింది, ఏడిస్తే అది కూడా ఆ ముసలామె దగ్గర జాలి గుంజుకోవడమే అవుతుందని ఆపుకుంది.

ఓపల్ డబ్బు ముట్టుకోలేదు. తన ఐదు మడిచి సంచిలో వేసుకుని, తలుపు తెరిచి బయటికి కేకేసింది. "వెర్నన్! బండి ఆపు! అందర్నీ లోపలికి రమ్మను!"

రాయిస్ కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించాడు. "పొరపాటైందని చెప్పు. ఆ డబ్బు తీసి జేబులో పెట్టుకుని వంటింట్లోకి పో. నేను సర్దుకుంటా. లేదంటే రేపు రానక్కర్లేదు."

"పెట్టుకోను," అంది గ్లెండా. "పొరపాటని కూడా చెప్పను. అది పొరపాటు కాదు."

బయట ఇంజన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి, బండ్ల తలుపులు చప్పుడవుతున్నాయి. వాళ్ళు రాయిస్‌ని నిలదీయడానికి వస్తున్నారో తననో గ్లెండాకి తెలియలేదు. ఇద్దర్నీ నిలదీయడమే న్యాయమనిపించింది. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, పద్నాలుగు కుర్చీల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.